ఒంటిచక్రం ఎవరిది?

కుర్చీ వేస్తే కూర్చునేది కాదు ఆమె. మాట్లాడుతున్నంతసేపూ తన ఒంటిచక్రం సైకిల్‌ను అరచేత్తో ముందుకూ వెనక్కూ దొర్లిస్తూ నిలబడేది. జమ్మలమడుగు మనిషి, సర్కస్‌లో ఆ సైకిల్ తొక్కి బతికేది. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజుల్లో, ప్రొద్దుటూరులోని మా మేనమామ సైకిల్ షాపుకు దాన్ని తెచ్చింది. సీటు కింది గొట్టం చీలింది. పెడళ్లు అరిగిపోయాయి.

"పారెయ్ దాన్ని. కంపెనీ కొత్తది తెప్పిస్తాది" అన్నాడు వెంట వచ్చిన సర్కస్ మేనేజరు.

"ఊరికే వస్తాంటే తీసుకోరాదామ్మా?" అన్నాడు మామ.

కాలేజీ సెలవులకు వచ్చిన నేను ఊరుకుంటానా? "కొత్తదైతే పడవు కదక్కా!" అని వాదనకు దిగాను.

ఆమె చేతి కింద చక్రం ఆగింది.

"ఇది మా నాయన నాకిచ్చింది పాపా. కొత్తది కంపెనీది. రేపు ఈయప్పతో గొడవైతే ఈడ్నే పెట్టి పొమ్మంటాడు. ఒట్టి చేతుల్తో యాడికి పోవల్ల? అతకప్పా దీన్ని!"

"పడితే నాకు సంబంధం లేదు" అన్నాడు మేనేజరు.

"పడేది నేను. నీకేంది నొప్పి?"

మామ ఇత్తడి పోసి గొట్టం అతికాడు, పెడళ్లు మార్చాడు.

మరుసటి ఏడు పులివెందుల సంతలో ఆమె కనిపించింది. మేనేజరుతో గొడవ పడనే పడిందట. డేరా లేదు, కంపెనీ లేదు. మట్టిరోడ్డు మీద, జనం మధ్య, అదే చక్రం తొక్కుతోంది. సీటు కింద ఇత్తడి అతుకు ఎండకు మెరుస్తోంది.

నన్ను గుర్తుపట్టి, ఆగకుండానే అరిచింది:

"ఏం పాపా, పడతానని చూస్తాండావా? అట్లైతే నువ్వు శానాసేపు నిలబడల్ల!"