కాలనిది చూడమన్న మా మేనత్త

మా మేనత్త పోయిందని మిర్యాలగూడలో నాకు చెప్పింది కోదాడ నుంచి వడ్ల బస్తాలు తెచ్చిన లారీ డ్రైవరు. బడి గుమ్మం దగ్గర తలగుడ్డ తీసి చేత పట్టుకుని, "పంతులమ్మా, మీ అత్త తెల్లారంగ పానం ఇడిసింది. నువ్వొచ్చేదాక ఆపుతరంట," అన్నాడు. పిల్లల్ని ఇళ్ళకు పంపి అదే లారీ ఎక్కాను.

కోదాడలో ఆమెను ఎరగని వాళ్ళు తక్కువ. ఎరిగిన వాళ్ళలో ఆమె చేతి దెబ్బ తినని వాళ్ళు ఇంకా తక్కువ. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. ఆడపిల్లకు చదువెందుకని మా నాయన అడ్డుపడితే, తమ్ముడని కూడా చూడకుండా చీపురు తిరగేసింది. నన్ను చెవి పట్టుకుని బడి దాకా ఈడ్చుకుపోయింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ ఈడ్పు వల్లే.

మా ఊళ్ళో మంటలార్పే దళం ఎప్పటి నుంచో ఉంది. డప్పు వినగానే మగవాళ్ళు కుండలతో పరుగెత్తేవాళ్ళు. కానీ ఇళ్ళు తగలబెట్టే తుపాకుల మూకలు తిరగడం మొదలయ్యాక, లారీ చప్పుడైతే చాలు, ఆ మగవాళ్ళు చేలకు అడ్డంపడి రాజ్యం సరిహద్దు దాటిపోయేవారు. దొరికితే కాల్చేస్తారు మరి. ఇళ్ళు అంటుకునే వేళకు దళమే ఊళ్ళో ఉండేది కాదు. ఈ సంగతి అందరికీ తెలిసినా పైకి అన్నది అత్త ఒక్కతే. "మీరు ఉరుకుండ్రి, తప్పు లేదు. దోట్లు మాకిచ్చి ఉరుకుండ్రి," అన్నది.

దోట్లంటే కొస్సకు కొడవలి కట్టిన పొడుగు వెదురు గడలు. పాత పశువుల కొట్టం ఒకటి చూసుకుని, ఎండలో ఆడవాళ్ళ చేత కప్పు కట్లు కోయించేది, లాగించేది. చేయి ఆగితే వీపు మీద దెబ్బ పడేది. పొద్దుగూకే ముందు గడపగడపకూ తిరిగి, నీళ్ళు లేని కుండ కనిపిస్తే తన్ని పగలగొట్టేది. ఉత్త కుండ ఇంట్లో ఉన్నా ఒకటే, పగిలినా ఒకటేనట. ఆమెను తిట్టుకుంటూనే మరునాడు కొత్త కుండ నింపి పెట్టేవాళ్ళు.

ఆమె అత్తవారి ఊరు పెన్‌పహాడ్‌లో, కాపురానికి పోయిన కొత్తలో ఒక ఇల్లు అంటుకుంది. ఊరంతా ఆ ఒక్క ఇంటి మీదే నీళ్ళు పోస్తుండగా గాలి వరసంతా అంటించింది. ఆమె పెనిమిటి లోపలే ఉండిపోయాడు, ఆమె మా ఊరికి తిరిగొచ్చింది. అందుకే మాకు మొదటి రోజే చెప్పింది: "కాలేది కాలనియ్యుండ్రి. కాలనిది సూడుండ్రి." తాటికమ్మల కప్పు అంటుకుంటే ఆరదు. మంట రాకముందే ఒక ఇంటి కప్పు దించి, కమ్మలు దూరంగా లాగేస్తే, అక్కడ ఆగుతుంది. సరేనని అందరూ తలలూపారు. దించేది తమ ఇంటి కప్పే కావచ్చని ఎవరూ అనుకోలేదు.

నిరుడు ఎండాకాలం, నేను బడి సెలవులకు ఊళ్ళో ఉండగా, పట్టపగలు మూక లారీ వచ్చింది. పడమటి చివర నిప్పు పెట్టారు. బావి దగ్గర కుండతో కనిపించిన ఒకామెను కాల్చారు. ముందు కుండ పగిలింది, తరువాత ఆమె కూలింది. లారీ పక్క వీధికి తిరగగానే అత్త దాక్కున్న మమ్మల్ని లేపింది. మంట ఆపాల్సిన చోట ఉన్నది మగ్గం పిన్ని ఇల్లు. నేత పని చేసుకుని ఒంటిగా బతికే ఆమెను మేమలాగే పిలుస్తాం. ఆ ఇంటి తరువాతిది అత్త ఇల్లు.

పిన్ని రోకలి పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది. "నీ ఇల్లు దక్కాలని నాది కూలుస్తవా అక్కా? ముందు నీది పీకు."

"నాది పీకితే నీది ఎట్లాగూ కాలుతది. రెండూ పోతయి. జరుగు."

పిన్ని జరగలేదు. రోకలి అత్త భుజం మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అత్త రెండో చేత్తో ఆమె జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చింది. మీద కూర్చుని అదిమిపట్టి, మా వైపు చూడకుండానే, "గుంజుండ్రి," అన్నది. దోటి పట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. కట్లు తెగి దూలం మగ్గం మీద పడింది. కమ్మలన్నీ అవతలికి లాగి తడి గోనెలు కప్పాము. మంట ఉత్త గోడల దాకా వచ్చి, ఎత్తుకు లేచి, తినడానికి ఏమీ లేక అణిగిపోయింది. అక్కడి నుంచి తూర్పు వరసంతా నిలిచింది.

మరునాడు మూక మళ్ళీ వచ్చి ఎవరు ఆపారని అడిగింది. అత్త నేనేనన్నది. పక్కటెముకలు విరిగేదాకా తుపాకీ మడమలతో పొడిచారు. పిన్ని తన మొండిగోడల మధ్య కూర్చుని చూస్తూ ఉంది.

వాళ్ళు పోయాక అత్త తన మంచాన్ని వీధిలోకి మోయించుకుంది. తన ఇంటి కప్పు దించి పిన్ని ఇంటి మీద వేయమన్నది. నాయన కోపంతో ఊగిపోయాడు, ఆమె నీ భుజం విరగ్గొట్టిందని గుర్తు చేశాడు.

"భుజం అతుక్కుంటది తమ్మీ. మగ్గం అతుక్కోదు," అన్నది.

భుజం కూడా సరిగా అతుక్కోలేదు. గోడకు వారగా వేసిన చిన్న పందిరి కింద ఏడాది గడిపింది, దగ్గితే రక్తం పడేది. సూర్యాపేట దవాఖానలో చూపించి తెచ్చినా తగ్గలేదు. పిన్ని ఎవరి దగ్గరో సామాను అడిగి తెచ్చి మగ్గం మళ్ళీ నిలుపుకుంది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఇప్పుడు రాజ్యం మారింది, ఆ మూకలు లేవు. దళాన్ని బాగుచేస్తామని, నీళ్ళు కొట్టే పంపు తెప్పిస్తామని పెద్దలంటున్నారు. రావాలి. కానీ దళానికి వాళ్ళు చెప్పుకుంటున్న పేర్లలో ఒక్క ఆడపేరు లేదు. దోట్లు ఆడవాళ్ళ చేతుల్లోనే ఉంచమని ఈ పత్రిక చదివే మా ఊరివాళ్ళను అడుగుతున్నాను.

నేను చేరేసరికి పాడె కట్టి ఉంది. వీధిలో శవం ఉండగా మా దగ్గర ఎవరూ పని ముట్టరు. కానీ మగ్గం ఆడుతోంది. ఒకామె పోయి చెప్పి వచ్చింది, "ఆపదంట," అని. నాయన పళ్ళు కొరికాడు. నాకు కోపం రాలేదు. పాడె ఆ గుమ్మం ముందు నుంచి సాగింది. తలుపు తీసే ఉంది. పిన్ని మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, తలెత్తకుండా నేస్తోంది. దెబ్బ దెబ్బకూ పైనున్న మా అత్త ఇంటి కమ్మల్లోంచి పాత పొగమసి రాలి ఆమె జుట్టు మీద పడుతోంది. ఆమె దులుపుకోవడం లేదు.