మాట మధ్యలో డ్యూటీ మారితే

మా అన్నయ్య కూతురికి ఆఫీసులో పెట్టిన పేరు అనుమానం అక్క. ముఖం మీదే అలా పిలుస్తారు, ఆమె కూడా పలుకుతుంది. నేను ఏడాదిలో సగం దారుల మీద ఉండే మనిషిని. కాళ్లు మొరాయించినప్పుడు వాళ్ల మేడమీది గదిలో దిగుతాను. ఈసారి మూడు నెలలు కదల్లేదు. అందుకు మోకాలు కొంత కారణం, ఆమె పని కొంత.

ఆ పనేమిటో బుర్రకెక్కడానికి నాకు రెండు వారాలు పట్టింది. కొన్ని చిప్పులుంటాయట. పెట్టెలో బిగించేశాక కూడా వాటి లోపలి అల్లికను విప్పి మరో రకంగా అల్లుకోవచ్చు. వీళ్ల కంపెనీ అలాంటి చిప్పులతో నెట్‌వర్క్ పెట్టెలు చేస్తుంది. వేలమంది పంపే కబుర్లు ముక్కలై, ప్యాకెట్లుగా వచ్చి అందులో పడతాయి. ఏది ఎటు పోవాలో చిప్పు చూసి పంపుతుంది. ఇంకో విశేషం, చిప్పులో సగం పనిచేస్తూండగానే మిగతా సగాన్ని మార్చేయవచ్చు. వంట జరుగుతూండగానే కింద పొయ్యి మార్చినట్టు.

చిప్పును గీసేది ఒకరు, దాన్ని నమ్మకుండా ఉండటానికి జీతం తీసుకునేది మా అమ్మాయి. చిప్పు ఇంకా రాతలో ఉండగానే దాని చుట్టూ కంప్యూటర్లో ఒక దొంగ లోకం కడుతుంది. ప్యాకెట్లు పంపే దొంగ జనం, అందుకునే దొంగ జనం, అందింది సరైనదేనా అని చూసే తనిఖీదారు, అందరూ ఆమె రాసినవాళ్లే. దాన్ని టెస్ట్‌బెంచ్ అంటారు. ఆ లోకాన్ని నడిపిస్తే సిమ్యులేషన్. నిజంలో రెప్పపాటులో జరిగేది అందులో గంటన్నర నడుస్తుంది. తెర మీద పచ్చగీతలు మెట్లుమెట్లుగా సాగుతాయి. ఏం జరుగుతోందో తెలియని చోట గీత ఎర్రబడుతుంది. ఆ ఎరుపు కోసమే ఆమె బతుకంతా వెతుకులాట.

ఇంత అనుమానపు మనిషికి ఒక విచిత్రమైన గుణం ఉంది. ఎదుటివాళ్లు మాట ముగించేదాకా తను నోరు తెరవదు. ఆరేళ్లప్పుడు వంటింట్లో తువ్వాలు అంటుకుందని చెప్పడానికి పరుగెత్తుకొచ్చి, నేనూ మా అన్నయ్యా ఏదో పుస్తకం గురించి తగువులాడుకుంటుంటే, మా తగువు తేలేదాకా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. తువ్వాలుతో పాటు కర్టెన్ కూడా పోయింది.

ఆమె అత్తగారు దీనికి పూర్తిగా ఎదురు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. మన వాక్యం సగంలో ఉండగానే లాగేసుకుని తనే పూర్తి చేస్తుంది. చాలాసార్లు మనకంటే బాగానే పూర్తి చేస్తుంది, అదీ బాధ.

ఆ ఆదివారం పొద్దున ముగ్గురం వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాం. రెండు రోజుల కిందటే అమ్మాయి ఎనిమిది నెలల పరీక్షలు ముగించి, పాసయిందని రిపోర్టు మీద సంతకం పెట్టింది. బుధవారం ఆ పెట్టెలు అంబులెన్సులకు కబురందించే కేంద్రానికి వెళ్లాలి.

"అయితే నీ పని అయిపోయినట్టేనా?" అన్నాను.

"అయిపోయింది బాబాయ్. నాలుగు వేల రెండు వందల పరీక్షలు. సగం మార్చేటప్పుడు కూడా మిగతా సగం..."

"సగం మార్చేటప్పుడు లైన్లో ఉన్నవాళ్ల గతేంటి?" అంది అత్తగారు.

"మార్చే ముందు ఆగుతాం అత్తయ్యా. వస్తున్న ప్యాకెట్ పూర్తిగా దాటిపోయాక..."

"ఎవరాగేది?"

"పరీక్షల్లో నేనే ఆగుతాను."

"నువ్వాగుతావులే, నీ సంగతి నాకు తెలీదూ! బయటోళ్లు ఆగుతారా అంట?" బఠాణీ కాయను ఊపుతూ మొదలుపెట్టిందావిడ. "మా దగ్గర మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారేది. ఒకత్తి లేస్తుండగానే ఇంకొకత్తి కూర్చోవాలి. బోర్డు మీద ఫోన్లు కలిపే పాతిక తాళ్లు గుచ్చి ఉండేవి. అందరూ మాటల్లోనే ఉండేవాళ్లు. డ్యూటీ మారుతోంది, కాసేపు నోళ్లు మూసుకోండి నాయనా అని చెప్పగలమా? కొత్తగా వచ్చినదొకత్తి కంగారులో తాడు లాగి ఇంకోచోట గుచ్చింది. పెళ్లి మాటలు మాట్లాడుకుంటున్న వాళ్ల చెవిలో ఎవడిదో సిమెంటు బస్తాల బేరం పడింది."

"పెళ్లి కుదిరిందా వదినా?" అన్నాను.

"సిమెంటు కుదిరింది."

నేను నవ్వాను. అమ్మాయి నవ్వలేదు. ఒలిచిన బఠాణీలు గిన్నెలో కాకుండా తొక్కల్లో వేస్తోంది. రెండు గుప్పెళ్లు అలా పోయాక లేచి లోపలికి వెళ్లింది.

భోజనాల బల్ల మీద కంప్యూటర్ తెరిచి, తన టెస్ట్‌బెంచ్ రాతలో నాకు ఒక వరస చూపించింది. చిప్పును మార్చమని చెప్పే ముందు, ప్యాకెట్ ముగిసేదాకా ఆగమని దొంగ జనానికి చెప్పే వరస. ఎనిమిది నెలల కిందట, మొదటి వారంలో తనే రాసింది. ఎవరూ రాయమనలేదు. రాస్తున్నానన్న సంగతి కూడా గుర్తులేదు. నాలుగు వేల రెండు వందల పరీక్షల్లో ఒక్కసారి కూడా మార్పు మాట మధ్యలో రాలేదు.

"చిప్పు షరతుల్లో మార్పు ఎప్పుడైనా రావచ్చనే ఉంది బాబాయ్. నేనే మర్యాద చేశాను."

వరస తీసేసి నలభై పరీక్షలు ఒకేసారి వదిలింది. గంటన్నరకు ముప్ఫై తొమ్మిది పచ్చగా పోయాయి. పద్నాలుగోది ఎర్రబడింది. ప్యాకెట్ తల దాటిపోయింది, తోక తెగింది. అవతలి వైపు తోక కోసం కాచుకుని, తర్వాత వచ్చిన ప్యాకెట్ మొండేన్ని పాత తలకు అతికించుకుంది. అంబులెన్సు ఒక ఇంటికి బదులు మరో ఇంటికి పోతుందన్నమాట.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని చూసి, "క్రాస్ కనెక్షన్!" అంది, చాలా ఏళ్లకు కనబడిన చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

అమ్మాయి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. "నలభైలో ఒకటి. నిజంలో ఏడాదికి ఒకసారి కూడా రాకపోవచ్చు. ఈ సంతకం వెనక్కి తీసుకుంటే ఇన్నేళ్లూ పాసని రాసినవన్నీ ఎవరు నమ్ముతారు?"

నాకు ఒక రేవు గుర్తొచ్చింది. అక్కడ కొట్ల తూకపురాళ్లు తనిఖీ చేసే ఉద్యోగి ఒకాయన, మఖమలు పరిచిన పెట్టెలో ప్రమాణపు రాయి పట్టుకుని తిరిగేవాడు. అందరూ లేచి నిలబడేవారు. మరి మీ రాయిని ఎవరు తూస్తారండీ అని అడిగాను. పెట్టె మూసేసి, ఓడ వేళయింది వెళ్లండన్నాడు. ఆ కథ అమ్మాయికి చెప్పబోయి మానుకున్నాను. పెట్టె ఆమె తనంతట తనే తెరిచి కూర్చుంది.

మర్నాడు జరిగింది ఆమె చెప్పగా విన్నదే. ఆమె ముందుగా చిప్పు గీసినతని దగ్గరికి వెళ్లింది. అతను తల పట్టుకుని, "మధ్యలో వస్తే ఏమవుతుందోనని నాకూ అనిపించింది అక్కా. నీ పరీక్షలు పాసవుతున్నాయి కదా, నువ్వు చూసే ఉంటావులే అనుకున్నా" అన్నాడట. తిట్టినా అంత గుచ్చుకునేది కాదంది.

తర్వాత మేనేజరు. ఆయన రిపోర్టుల్లో ఆఖరి గీత తప్ప చదివే రకం కాదు.

"శుక్రవారం పాసన్నావ్, సోమవారం ఫెయిలంటావా? ఏ రోజు మాట నమ్మమంటావమ్మా?"

"శుక్రవారం ఫెయిలయింది నా పరీక్ష సార్. చిప్పును నేను అసలు అడగనే లేదు."

"వస్తుందో రాదో తెలియని గొడవకి బుధవారం ఆపమంటే..."

"ఎవరింటికి అంబులెన్సు రాకపోయినా ఫర్వాలేదో చెప్పండి, మళ్లీ సంతకం పెడతాను" అందట, ఆయన మాట ఇంకా పూర్తి కాకుండానే. ఈ ముక్క చెబుతున్నప్పుడు ఆమెకే ఆశ్చర్యంగా ఉంది.

బుధవారం ఆగింది. చిప్పులో తలుపు లాంటిదొకటి చేర్చారు, ప్యాకెట్ తోక దాటేదాకా మార్పును బయట నిలబెట్టడానికి. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆఫీసులో అనుమానం అక్క అని ఎవరూ పిలవలేదట. ఎగతాళి మానేశారంటే లోపల ఏదో అనుకుంటున్నారనేగా. ఇంట్లోనూ కాస్త చిన్నబోయి తిరిగింది.

నేను మళ్లీ సంచి సర్దుకుంటున్న రోజున రెండో రిపోర్టు తెచ్చి చూపించింది. కొత్త పరీక్షల గుంపుకు 'డ్యూటీ మార్పు' అని పేరు పెట్టింది. చివర పాసు, కింద సంతకం. అయితే మొదట్లో ఒక కొత్త పేజీ ఉంది. ఈ పరీక్షల్లో నేను అడగనివి అని పైన రాసి, కింద పదకొండు వాక్యాలు. మేనేజరు గొణిగాడట, పాసని రాస్తూ ఇంత భయపెడితే ఎలా అని. కానీ ఆ పేజీ మొత్తం చదివాడట. చదివి, ఏడోది కూడా అడగాలంటే ఎన్ని రోజులు పడుతుంది అనుమానం అక్కా అన్నాడట.

అత్తగారు కాగితం లాక్కుని వేలితో గీస్తూ చదివింది.

"ఫోనెత్తి మాట్లాడకుండా ఊరుకునేవాళ్లున్నారు చూడు, లైను పట్టుకుని కూర్చుంటారు. వాళ్ల సంగతి ఇందులో..."

"లేదత్తయ్యా" అంది అమ్మాయి, ఆవిడ మాట సగంలోనే. పెన్ను తీసి పన్నెండు అంకె వేసింది.