బేచిరాకు ఊరి ఆడబిడ్డ

పెళ్లయిన కొత్తలో మీ అత్తగారిది ఏ ఊరని ఎవరడిగినా నేను "బేచిరాకు" అని చెప్పేవాణ్ణి. పెళ్లి మాటలప్పుడు మా మామ "మాది బేచిరాకు ఊరు" అన్నాడు మరి. రామన్నపేటలో మా చుట్టాలంతా అది మక్తల్ అవతల ఎక్కడో ఉంటుందనుకున్నారు. "విన్న విన్న, మంచి ఊరే" అని తలూపిన పెద్దమనిషి కూడా ఒకాయన ఉన్నాడు. చివరికి నా భార్యే నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని అసలు సంగతి చెప్పింది. అది ఊరి పేరు కాదట. చిరాగ్ అంటే ఉర్దూలో దీపం. మనుషులంతా లేచిపోయి, దీపం పెట్టే దిక్కు లేని ఊరిని రెవెన్యూ వాళ్లు బేచిరాక్ అని రాసుకుంటారట.

నవ్వితే నవ్వింది గానీ, ఆ మాట ఆమెకు ముల్లులాంటిదని తర్వాత తెలిసింది. రాష్ట్రం వచ్చాక మా వైపు బొడ్రాయి పండుగలు జోరందుకున్నాయి. ఊరు కట్టిన నాడు నడిబొడ్డున పాతిన రాయి బొడ్రాయి. దాని పండుగకు ఊళ్లో పుట్టి అత్తారిళ్లకు పోయిన ఆడబిడ్డలందరినీ, పళ్లూడిన ముసలమ్మలతో సహా, పేరుపేరునా పిలుస్తారు. వాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి రాయి మీద పోయాలి. మా గల్లీ ఆడవాళ్లు ఒక్కొక్కరే కొత్త చీర కట్టి బస్సెక్కుతుంటే, నా భార్య గడపలో నిలబడి సాగనంపేది. ఆమె అమ్మానాయినలు పోయారు. తోడబుట్టినవాళ్లు లేరు. ఊరే లేనిదాన్ని పిలిచేదెవరు? "నాకేం ఫికర్ లేదు, కర్సు తప్పింది" అనేది. అది పచ్చి అబద్ధం.

నాకేమో ఆదివారం వస్తే కాళ్లు ఇంట్లో నిలవవు. భువనగిరి గుట్టకు మాత్రం రమ్మన్నా పోను. అక్కడ రాళ్లకన్నా సెల్ఫీలెక్కువ. తారు రోడ్డు ఆగిపోయిన చోట నా దారి మొదలవుతుంది. పాత బండ్ల బాటలు, మేకల దారులు, ఎవరూ దిగని బావులు, పైకప్పు లేని మండపాలు, వీటికోసం పడీపడీ తిరుగుతాను. "కుక్కకు పనిలేదు, తీరిక లేదు" అని నా భార్య మొదట్లో ఎగతాళి చేసేది. తర్వాత తనే వెంట రావడం మొదలుపెట్టింది. నా పిచ్చి ఆమెకూ అంటిందని మురిసిపోయాను. ఆమె వస్తున్నది తన ఊరు వెతకడానికి.

ఆ ఊరు ఏ గుట్టల మీద ఉండేదో కింది పల్లెల్లో అందరికీ తెలుసు. బావులెండిపోయి జనం దిగిపోయాక దారి మాత్రం మూసుకుపోయింది. చంకలో పిల్లగా దిగిన మనిషికి ఏం గుర్తుంటుంది? రెండు పెద్ద రాతి గుండ్ల మీద మూడో గుండు ఉంటుందని, దాని కిందినుంచే ఊళ్లోకి పోవాలని వాళ్ల నాయిన చెప్పాడు, అంతే. రెండుసార్లు వెళ్లి, సర్కారు తుమ్మ ముళ్లకు బట్టలు చింపుకుని తిరిగొచ్చాం.

మూడోసారి, వానలు బాగా పడ్డ యేడు, ఆ వానలు వెనకబట్టిన రోజుల్లో గుట్టకు అవతలి వైపునుంచి ఎక్కాం. ముళ్లకంప దాటగానే ఒక్కసారిగా అంతా బండ. ఏనుగు రంగు బండ, ఎక్కడా మట్టి లేకుండా, ఆకాశం దాకా. అందులో మెట్లు తొలిచి ఉన్నాయి. ఒక్కో మెట్టు నడిమధ్యన అరిగి గుంటపడింది. ఎన్ని పాదాలు నడిస్తే రాయి అరుగుతుంది? చెప్పులతో తొక్కబుద్ధి కాలేదు. ఇద్దరం విప్పి చేత పట్టుకున్నాం. పైన దొన, బండలోనే ఉన్న నీటిగుంట, నిండా నీళ్లతో ఉంది. పక్కనే బండలో తొలిచిన రోళ్లు, లోపల నున్నగా. దూరాన భువనగిరి గుట్ట నీలంగా, బోర్లించిన గిన్నెలా కనిపించింది. గాలి తప్ప మరో చప్పుడు లేదు.

మూడు గుండ్లు అక్కడే ఉన్నాయి. పైదాన్ని చూస్తే ఇప్పుడే దొర్లేలా ఉంది, ఎన్ని తరాలుగా అలా ఉందో! దాని కిందినుంచి వంగి వెళ్లాం.

అవతల ఊరు. నడుమెత్తు గోడలు, తలుపుల్లేని రాతి దర్వాజాలు. ప్రతి ఇంట్లోనూ సీతాఫలం చెట్లు, మనుషుల బదులు అవే కాపురం పెట్టినట్టు. కండ్లు విచ్చిన కాయలతో కొమ్మలు వంగిపోయాయి. నా భార్య ఒక్కో దర్వాజా దగ్గర ఆగింది, తొంగి చూసింది, ముందుకు కదిలింది. వాటిలో తన ఇల్లేదో ఆమెకు తెలియదు. ఆ ముఖం చూడలేక నేను ఊరి నడిమధ్యన గడ్డిలో పొడుచుకొచ్చిన ఒక రాయి మీద కూర్చుని కాలి ముల్లు తీసుకుంటున్నాను.

"లెవ్వయ్యా! లెవ్వు! బొడ్రాయి మీద కూసున్నవ్!"

ఎగిరి లేచాను. ఆమె ఒంగి గడ్డి పీకింది. రాయి చుట్టూ చిన్న గద్దె బయటపడింది. మా దగ్గరున్న తాగే నీళ్లన్నీ దాని మీద కుమ్మరించి మట్టి కడిగింది. దిగేటప్పుడు ఏం తాగుతామని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"ఇది కడుగుడే, పోసుడు కాదు" అని ఖాళీ సీసాలు తీసుకుని దొన వైపు నడిచింది. నేను తెస్తానంటే, "నువ్వు అల్లునివి, నీకేం పని?" అంది. ప్లాస్టిక్ సీసాను బిందెలా నడుముకు ఆనించుకుని, తలమీద చున్నీ కప్పుకుని, నా భార్య తన ఊరి నడివీధిలో నడిచి వచ్చింది. ఆ గుట్టలు, ఆ గుండ్లు, ఆ అరిగిన మెట్లు, ఏవీ నన్ను అంత నిలువునా నిలబెట్టలేదు.

మేకలు కాసుకునే ముసలమ్మ ఒకామె గోడల చాటునుంచి వచ్చింది. కింది పల్లె మనిషి.

"ఎవలు బిడ్డా? గీడ నీళ్లెందుకు పోస్తున్నవ్?"

"నేను గీ ఊరి ఆడబిడ్డనవ్వా."

ముసలమ్మ మొండిగోడల వైపు చూసింది, ఆమె వైపు చూసింది. నవ్వుతుందేమోనని భయపడ్డాను. నవ్వలేదు.

"ఆడబిడ్డవా? మరి ఉత్త ఒడితోని ఎట్ల పోతవే?"

కర్ర గోడకు ఆనించి, దగ్గరి ఇంట్లోకి వెళ్లి ఐదు కాయలు తెంపుకొచ్చింది. "చున్నీ పట్టు" అంది. పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోసేటప్పుడు ఎలా పోస్తారో అలా, నెమ్మదిగా, ఒక్కొక్కటే ఒడిలో వేసింది. "నేనిచ్చేటియి కావు బిడ్డా, మీ ఊరియే. మంచిగ ఉండు." నా భార్య ఆమె కాళ్లు మొక్కి, లేవలేక అక్కడే కూర్చుని ఏడ్చింది. నేను గుండు వైపు తిరిగి నిలబడ్డాను, నా సంగతి బయటపడకుండా.

కిందికి దిగాక బండి స్టార్ట్ చేస్తూ, కాయలు సంచిలో వేయమన్నాను, కూర్చోవడానికి ఇబ్బందని.

"ఒడి నింపినంక నడుమ తొవ్వల ఇప్పుతరా ఎవలన్న?" అంది, ముడి బిగించుకుంటూ. "తల్లిగారి కాడికెల్లి వస్తున్న. జర మెల్లగ నడుపు."