నాలుగు జాకీలు

సౌదీలో రియాద్ నుంచి ఉనైజా వెళ్తూ పెట్రోల్ బంకులో ఆగాం. మా పికప్ మీద, ప్రయాణాల్లో పడుకోవడానికి చిన్న క్యాంపర్ గది ఉంది. దాన్ని ఎత్తి దించే జాకీలు నాలుగు మూలలా బయటికి పొడుచుకుని ఉన్నాయి. నేను నా భార్యాపిల్లలతో తెలుగులో మాట్లాడటం విని, నీళ్ల ట్యాంకర్ దిగిన ఒకాయన నేరుగా మా దగ్గరికి వచ్చాడు.

"ఏం సార్, ఈ జాకీలు పీకకుండానే రోడ్డెక్కినావే?" అని అరిచాడు. కడప వైపు యాస.

పిల్లల ముందు అరిచేసరికి నాకు ఒళ్లు మండింది. "పైకెత్తి పిన్నులు వేశాను. అన్నీ విప్పి, మళ్లీ బిగించాలంటే గంట పని. మీకేంటి బాధ?" అన్నాను.

ఆయన వెనక జాకీని కుడిచేత్తో పట్టుకుని ఊపాడు. అది కటకటా కదిలింది. తర్వాత ఎడమ చొక్కా చేయి పైకి లాగాడు. మోచేయి కర్రలా బిగుసుకుపోయి ఉంది.

"రోడ్డు పక్కన టైరు మారుస్తాంటి. ఇట్లాంటి బండే పక్కన పోతాంటే, దాని జాకీ జారి బయటికొచ్చి కొట్టింది. వాడు నిలపల్యా. నీకు గంట పని. నాకు చెయ్యి పాయ."

నేను పానా తీశాను. నాలుగూ విప్పేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. సాయం చేయలేదు, టీ తాగమంటే తాగలేదు. ఆ ఆగని బండి నాదే అన్నట్టు చూసి వెళ్లిపోయాడు.

నాది కాదని చెప్పబోయి ఆగాను. రెండేళ్లుగా ఆ జాకీలతోనే తిరుగుతున్నాను.