రెండు చేతుల రంగు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక వేసవి మొదట్లో, నన్ను మహారాష్ట్రలోని చంద్రపూర్ రవాణా కార్యాలయంలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. అప్పగించిన పని పాత కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ. సొంత కారుకు మొదట ఇచ్చే రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని మా పరీక్షా మైదానానికి తెచ్చి చూపించాలి. ఇన్‌స్పెక్టరు సరే అంటే ఇంకో అయిదేళ్లు తిరుగుతుంది, కాదంటే తుక్కుకు పోతుంది. మాది తెలంగాణ సరిహద్దులోని లక్కడ్‌కోట్. నాతో తెలుగులో మాట్లాడితే పని తొందరగా అవుతుందని మనవాళ్లు వెతుక్కుంటూ నా వరుసలోకే వచ్చేవారు. అది వాళ్ల భ్రమ.

పోశెట్టి కూడా అలాగే వచ్చాడు. పంపు మోటార్లకు తీగ చుట్టే పని అతనిది. గోండ్‌పిప్రి వైపు వరి రైతుల దగ్గర కాలిన మోటార్లు తెచ్చుకుని, బాగుచేసి, తిరిగి ఇచ్చి వచ్చేవాడు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు చిక్కిపోయింది. ఎడమ చెయ్యి తొడ మీద అదిమి పట్టుకుని నడుస్తాడు. అతని కారుకు క్లచ్ చేత్తో నొక్కే ఏర్పాటు ఉంది, అది రిజిస్ట్రేషన్‌లోనూ నమోదై ఉంది. దాన్ని అమర్చిన మిస్త్రీ ఇప్పుడు లేడు. ఈ కారు తుక్కయితే, ఇంకో బండికి అలాంటిది చేయించి అనుమతి తెచ్చుకునేసరికి అతని గిరాకీ అంతా వేరేవాళ్ల చేతికి పోతుంది. ఆ మాట అతనే చెప్పాడు, బతిమాలుతున్నట్టు కాకుండా లెక్క చెప్పినట్టు.

కారు నీలం రంగులో నిగనిగలాడుతోంది. ఇల్లు అలకగానే పండగ కాదని మా వృత్తిలో అందరికీ తెలుసు. బానెట్ ఎత్తి ఛాసిస్ నంబరు కోసం చూశాను. ఇంజను వెనక అడ్డుగోడలా ఉండే రేకు మీద కంపెనీవాళ్లు గుద్దే నంబరది. బండికి అసలు గుర్తింపు అదే. నంబరు ప్లేటు ఎవరైనా మార్చగలరు. పోశెట్టి కారులో ఆ చోట నున్నటి నీలం రంగు తప్ప ఏమీ లేదు.

"తుప్పు పట్టిందని గీకి పుట్టీ పెట్టిన సార్. గక్కడ నంబర్ ఉంటదని నాకేం ఎరుక?" అన్నాడు.

అంతలో నా కంట్లో ఇంకోటి పడింది. తలుపుల నడిమి ఎత్తులో అడ్డంగా సాగే నల్ల పట్టీకి కింది భాగమంతా అద్దంలా ఉంది. పట్టీకి పైన, కిటికీల చుట్టూ, కప్పు మీద, పూత కమలాపండు తొక్కలా గరుకుగా ఉంది. అదే రంగు, కానీ రెండు తీరులు. ఇలాంటిది కనబడితే మాకు వెంటనే ఒక అనుమానం వస్తుంది. పల్టీ కొట్టిన కారుకు వేరే కారు పైభాగం కోసి అతికిస్తారు. ఆ వేరే కారు దొంగబండి కూడా కావచ్చు. పైగా నంబరు మాయమైంది. ఈ రెండూ కలిస్తే పోలీసులకు రాయడమే పద్ధతి. రాస్తే బండి ఠాణా ఆవరణలో నెలల తరబడి ఎండకు ఎండుతుంది.

రంగు ఎక్కడ వేయించావని అడిగాను. ఇంట్లోనే, గ్యారేజీలో, నేనూ నా భార్యా వేశామన్నాడు. ఆ మాటే నన్ను పట్టుకుంది. బొగ్గు గనుల చంద్రపూర్‌లో పొద్దున ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిద రంగుకు తిరుగుతుంది. అలాంటి ఊళ్లో ఇంటి గ్యారేజీలో, ఒక్క నలుసు అంటకుండా రంగు ఎలా కొట్టారు? గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మా పై అధికారికి చెప్పి, బండిని ఇంటి దగ్గరే పరీక్షించేందుకు అనుమతి తీసుకున్నాను. నిజం చెప్పాలంటే, నాకు ఆ గ్యారేజీ చూడాలని ఉంది.

గ్యారేజీ అంటే ముందు షట్టరు ఉన్న రేకుల గది. షట్టరుకు లోపలివైపు పాత చీరలు వేలాడుతున్నాయి. వాటిని నీళ్లలో తడిపి కట్టి, నేల కూడా తడిపి, బొగ్గు లారీలు కదలకముందే రంగు చిమ్మే గన్ పట్టేవాళ్లమని పోశెట్టి భార్య సుశీల చెప్పింది. దుమ్మంతా తడి చీరకు అంటుకునేదట. మోటార్లలో దుమ్ము ఊదే కంప్రెషరే రంగుకూ వాడుకున్నారు.

ముందు తలుపు రబ్బరు లాగి చూశాను. కంపెనీలో పడిన వెల్డింగు చుక్కలు ఒకే దూరంలో, వరుసగా ఉన్నాయి. కోసి అతికిస్తే అవి అలా ఉండవు. పైభాగం మార్చలేదని తేలింది. మరి రెండు తీరుల పూత ఎందుకు?

ఒక మూలన చక్రాలు బిగించిన చెక్క పలక ఉంది, ఇంకో మూలన ఎత్తు పీట. రెండింటి మీదా నీలం మరకలే. అనుమానం తీర్చుకుందామని ఒక పాత రేకు ముక్క తెప్పించి, సగం నువ్వు, సగం ఆమె కొట్టండి అన్నాను. పోశెట్టి పలక మీద కూర్చుని, జరుగుతూ, గన్‌ను రేకుకు జానెడు దూరంలో ఒకే వేగంతో నడిపాడు. సుశీల నిలబడి, దూరం నుంచి, తొందరతొందరగా కొట్టింది. ఆరేసరికి రేకు మీద అచ్చంగా ఆ కారే కనబడింది: ఒక సగం అద్దం, ఒక సగం కమలా తొక్క. నిలబడితే అతనికి ఒక చెయ్యి తొడకే సరిపోతుంది, అందుకే కింది సగం అతను, పై సగం ఆమె.

"నా సగం చూసి రోజూ సణుగుతడు సార్. గీయన సగం మోకాళ్ల కింద ఉంటది, ఎవలు చూస్తరు? అందరు చూసేది నాదే," అంది సుశీల.

పోశెట్టి నవ్వలేదు. అతని చూపు బానెట్ మీదే ఉంది. అసలు సంగతి ఇంకా తేలలేదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. తుప్పు గ్రైండరుతో తీశావా, చేత్తో రుద్దావా అని అడిగాను. గ్రైండరయితే అంకెలు రేకుతోపాటే పోయి ఉంటాయి.

"చేతితోనే సార్. గ్రైండర్ పెడ్తే రేకు పల్చగైతదని పెట్టలే."

రంగు ఊడదీసే మందు పూసి, వేడిగాలి గన్‌తో పుట్టీని మెత్తబరిచి, ప్లాస్టిక్ బద్దతో అతని చేతనే గీకించాను. ఇనుప బ్రష్ ముట్టుకోనివ్వలేదు. ఒక్కో అంకె బయటపడుతుంటే సుశీల పీట మీద కూర్చుని చూస్తూ ఉంది. చివరి నుంచి మూడోది మాత్రం తుప్పు తినేసింది. అది మూడా, ఎనిమిదా అన్నది కంటికి అందలేదు. మూడయితే అది రిజిస్ట్రేషన్‌లో ఉన్న బండి కాదు.

ఇలాంటప్పుడు మాకు పెన్సిలే దిక్కు. పల్చటి కాగితం అంకెల మీద పరిచి, పెన్సిల్‌ను పక్కవాటుగా తేలిగ్గా రుద్దితే, చూపుకు అందని అంచు కూడా కాగితం మీదికి వస్తుంది. మొదటిసారి సరిగా రాలేదు. రెండోసారి ఎడమవైపు రెండు చిన్న వంపులు తేలాయి. ఎనిమిది. కాగితాన్ని పోశెట్టికి చూపించాను. అతను దాన్ని చాలాసేపు చూసి, తొడ మీది చెయ్యి తీసి గోడకు ఆనుకున్నాడు.

బండికి అయిదేళ్లు రాశాను. నంబరు మీద ఇకపై పుట్టీ పెట్టొద్దనీ, పారదర్శక వార్నిష్ మాత్రమే పూయమనీ చెప్పాను. పై సగం మళ్లీ కొట్టిస్తావా అని పోశెట్టిని అడిగితే, ఆమె వినేలా, అవసరం లేదన్నాడు.

ఆ తర్వాత ఏ కారు మీదైనా రెండు తీరుల పూత కనబడితే, ముందు ఎన్ని చేతులు పడ్డాయని అడిగేవాణ్ణి. ఎన్ని బండ్లు కలిశాయన్న ప్రశ్న తర్వాతది. జవాబు ఎంత బాగున్నా, తలుపు రబ్బరు లాగి చూడటం మాత్రం మానలేదు.