ఫ్లెక్సీ మీది కెప్టెన్

నా మనవరాలు సుజనకు విమానం నడిపే లైసెన్సు ఉన్నది. నౌకరీ లేదు. ఈ రెండు ముచ్చట్లు కలిపి చెప్తే మా బస్తీల ఎవ్వరికీ ఎక్కదు. లైసెన్సు వచ్చినంక నౌకరీ ఎందుకు రాలే అంటరు. ఆటో లైసెన్సు అనుకుంటున్నరు. అది ఉంటే కిరాయికి ఒక బండి తీసుకొని నడుపుకుంటరు. విమానం కిరాయికి ఎవడిస్తడు?

మాది కంచన్‌బాగ్ పక్క బస్తీ. నా కొడుకు ఎల్లేష్ లోహాలు కరగబెట్టే ఫ్యాక్టరీల భట్టీ కాడ పని చేస్తడు. వాళ్ల నాయిన గూడ అండ్లనే చేసి రిటైరైండు. సుజన ఒక్కతే బిడ్డ. మంచిగ చదివింది, విమానం నేర్చుకుంట అన్నది. ఎల్లేష్ తన పీఎఫ్ మొత్తం అండ్ల పోసిండు. ఎంత పోసిండో ఇక్కడ చెప్పను, మా ఇంటి లెక్క మా ఇంట్లనే ఉంటది. మహారాష్ట్రల ఏదో ఊర్ల నేర్పిస్తరు. వాన పడితే ఎగరనియ్యరు, మంచు పడితే ఎగరనియ్యరు, బండి చెడిపోతే అది బాగయ్యేదాంక కూసోవాలె. ఏడాదిన్నర చదువు అని చెప్పి మూడేండ్లు గుంజిండ్రు. అయినా పిల్ల తెచ్చుకున్నది.

పిల్ల మంచిదే, నోట్ల నాలుక లేదు. నా పోలిక రాలే. పెద్దోళ్లు మాట్లాడుతుంటే తల వంచుకొని నిలబడుతది. తప్పు మాట్లాడుతున్నా నిలబడుతది. చుట్టాలందరు అదే మెచ్చుకుంటరు, ఎంత మర్యాద ఉన్న పిల్ల అని. ఆ మర్యాదే దాని కొంప ముంచింది.

నా కోడలికి ఒక అన్న ఉన్నడు, బాబురావు. గల్లీ లీడరు. ఏ పార్టీ అని అడుగకుండ్రి, గెలిచిన పార్టీ. ఆయన చేసే పని ఫ్లెక్సీలు కట్టిపిచ్చుడు. ఎవలన్న పుడితే ఫ్లెక్సీ, ఇంటర్ పాసైతే ఫ్లెక్సీ, బైకు కొంటే ఫ్లెక్సీ, సస్తే కన్నీళ్ల ఫ్లెక్సీ. పైన వరుసగా పెద్ద లీడర్ల ముఖాలు, పక్కన దండం పెడుతున్న బాబురావు నిలువెత్తున, ఎవల కోసం కట్టిండ్రో వాళ్లు కింద మూలకు. సచ్చినోని ముఖం గూడ బాబురావు ముఖం కంటె చిన్నగుంటది.

సుజనకు లైసెన్సు వచ్చిన వారంలనే బస్తీల అడుగు పెట్టే కాడి కమాన్ కు ఫ్లెక్సీ ఎక్కింది. నేను పాల ప్యాకెట్ కు పోయి చూసిన. ఎవలదో ఒంటికి మా పిల్ల తలకాయ అతికిచ్చిండ్రు. తెల్ల అంగీ, భుజం మీద నాలుగు పట్టీలు, సెల్యూట్ కొడుతున్నది. వెనక ఒక పెద్ద కంపెనీ విమానం, దాని గుర్తుతోని సహా. 'మా మేనకోడలు, పాతబస్తీ ముద్దుబిడ్డ కెప్టెన్ సుజన గారికి శుభాకాంక్షలు.'

"ఇదేందే," అని అడిగిన పిల్లను. "నువ్వు కెప్టెన్ ఎప్పుడైనవు?"

"కాలే నానమ్మా. నాలుగు పట్టీలు కెప్టెన్ కే ఉంటయి. నేను ఆ కంపెనీకి ఇంక దరఖాస్తే పెట్టలే."

"మరి తీపియ్యి."

"మామ మనసు నొచ్చుకుంటడు. గాలికి అదే చినిగిపోతదిలే."

చినుగలే. మంచి సరుకు మీద కొట్టిపిచ్చిండు. నేనే కట్టె తీసుకొని పోతుంటే కోడలు అడ్డమొచ్చింది. "అత్తమ్మా, మా అన్న ముచ్చటపడి కట్టిండు. మీరు పోయి చింపితే నా పుట్టింటి పరువు ఏంగావాలె?" అన్నది. ఎల్లేష్ గూడ వద్దన్నడు. పైన లీడర్ల ఫోటోలున్నయట, ముట్టుకుంటే లొల్లి అయితదట. నేను కట్టె మూలకు పెట్టిన.

ఆ ఫ్లెక్సీ కిందనుంచే రోజు వచ్చుకుంట పోవుకుంట సుజన ఆ కంపెనీకే దరఖాస్తు పెట్టింది. రాత పరీక్ష పాసైంది. గదిల కూసోబెట్టి ఉత్తుత్తి విమానం నడిపిస్తరట, అదీ పాసైంది. ఆఖరుకు ఢిల్లీల ముగ్గురు కూసొని మాట్లాడిండ్రు, ఇద్దరు మగోళ్లు, ఒక మేడం. బాబురావు ఆ ఫ్లెక్సీ ఫోటోను ఫోన్ల గూడ అందరికీ పంపిండట, అది వాళ్లదాంక పోయింది. మేడం ఫోన్ ముందట పెట్టి, ఇది నువ్వేనా అని అడిగింది.

"ముఖం నాదే మేడం, ఒళ్లు నాది కాదు," అన్నదట మా పిల్ల.

వాళ్లు నవ్విండ్రట. నవ్వినంక అసలు ముచ్చట అడిగిండ్రు. ఎన్ని రోజులసంది ఉన్నది అంటే, రెండు నెలలు అన్నది. అబద్ధమని తెలిసి ఎందుకు తీపియ్యలే అంటే, మా మేనమామ పెద్దోడు, ఆయనకు చెప్పలేకపోయిన అన్నది. మేడం కాగితం పక్కకు పెట్టి చెప్పిందట: "విమానంల నీ పక్కన కూసునే కెప్టెన్ నీ కంటె పెద్దోడే ఉంటడు. ఆయన తప్పు చేస్తుంటే ఆ క్షణమే తప్పు అని చెప్పాలె. అదే నీ పని. వెనక రెండువందల మంది ఉంటరు. మామకు చెప్పలేనిదానివి ఆయనకేం చెప్తవు?"

తీసుకోలే. ఏడాది ఆగి మళ్ల రమ్మన్నరు. ఆ కంపెనీ రెండుసార్లే చూస్తది, మూడోసారి గడప తొక్కనియ్యదు.

పిల్ల వచ్చి పడుకున్నది, అన్నం ముట్టలే. ఎదురింటి అన్వరీ బేగం, బట్టలు కుడుతది, సేమియా గిన్నె పట్టుకొని వచ్చింది. "రోనే దేవ్ చంద్రమ్మా, ఏడ్వనియ్యి," అన్నది నాతోని. "నౌకరీ పోయింది, కాళ్లు చేతులు పోలే." నాకు ఏడుపు రాలే, కోపమొచ్చింది. ఆ మేడం మీద రాలే. ఆమె చెప్పింది ముమ్మాటికి నిజం.

బస్తీకి తెల్వకుండ ఉంటదా. కిరాణా వైకుంఠం పిల్లను చూసి, "పైలట్ మేడం, ఇయ్యాల విమానం ఎక్కడ పార్కు చేసినవ్?" అన్నడు. నేను వెనకనే ఉన్న. "నీ దుకాణం రేకుల మీద, వైకుంఠం. పొద్దుగాల లేచి చూసుకో, నువ్వు లోపలున్నవో బయటున్నవో," అన్న. ఆ తర్వాత నేనున్నప్పుడు ఎవ్వరు అనలే. లేనప్పుడు మస్తు అన్నరు.

బాబురావు మాత్రం ఏమి ఎరుగనట్టు వచ్చిండు. "ఫికర్ చెయ్యకు అత్తమ్మా, నాకు పెద్దోళ్లు తెలుసు, చెప్పిస్త," అన్నడు. "నువ్వు చెప్పిందే చాలు నాయినా," అన్న. ఆయనకు ఎక్కలే. చాయ్ తాగి పోయిండు. ఆఖరికి వానకు ఆ ఫ్లెక్సీ కూలితే దాన్నే ఎవలో కోళ్ల గూటికి కప్పిండ్రు.

సుజన శంషాబాద్ ఎయిర్‌పోర్టుల కౌంటర్ కాడ పనికి కుదిరింది. బ్యాగులు తూకమేసి చీటీ కట్టుడు. విమానం నడిపేటోళ్లు దాని ముంగటనుంచే నడిచి పోతరు. నేను ఎట్లున్నది బిడ్డా అంటే, బాగున్నది నానమ్మా అంటది. మందుసీసకు తారీఖు ఉన్నట్టు లైసెన్సుకు గూడ తారీఖు ఉంటదట. ఎగరకుండ కూసుంటే మురుగుతది. మళ్ల పోయి ఎగిరి పరీక్షిచ్చి పట్టుకోవాలె. కౌంటర్ జీతమంతా అండ్లకే పోయింది.

ఏడాది తిరిగింది. మళ్ల దరఖాస్తు పెట్టింది, పరీక్షలైనయి, ముగ్గురి ముంగట కూసునుడు మిగిలింది. గదే టైముకు బోనాలొచ్చినయి, బోనాలకు బాబురావు ఫ్లెక్సీ వచ్చింది. మైసమ్మ తల్లి, లీడర్లు, దండం పెడుతున్న బాబురావు, కింద మూలకు మళ్ల అదే సెల్యూట్ కొడుతున్న కెప్టెన్ సుజన. పాత బొమ్మనే కొట్టిపిచ్చిండు.

ఈసారి పిల్ల నన్నడుగలే, తల్లినడుగలే. కమాన్ కాడ బాబురావు తన మందితోని నిలబడి ఉంటే సీదా పోయింది. నేను వెనక పోయిన, మోకాళ్లు నొస్తున్నా పోయిన.

"మామా, నా బొమ్మ తీపియ్యి," అన్నది.

"ఎందుకే కోడలా, మంచిగ రాలేదా?"

"నేను కెప్టెన్ కాదు. పైలట్ నౌకరీ గూడ లేదు. బ్యాగులకు చీటీలు కడుతున్న."

మంది నవ్విండ్రు. బాబురావు గొంతు తగ్గిచ్చిండు. "ఇయ్యాల కాకుంటే రేపు అయితవు. నేను జర ముందుగాల చెప్పిన."

"ముందుగాల చెప్తే అబద్ధమైతది మామా. నువ్వు తప్పు చేసినవు. పోయినసారే చెప్పాల్సింది, చెప్పలే."

"పైన సార్లున్నరు. ఫ్లెక్సీ ఎట్ల తీస్తరే, నీకేమన్న తెలివున్నదా?"

"వాళ్లను ముట్ట. నాది నేను కోసుకపోత."

అన్వరీ బేగం బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చిచ్చింది, సుజన వైకుంఠం దుకాణంల స్టూలు ఏసుకొని ఎక్కింది. తన ముఖం చుట్టూ గుండ్రంగ కోసి మడత పెట్టుకొని దిగింది. ఎవ్వరు ఆపలే, లీడర్ల మీద చెయ్యి పడలే గదా. బోనాలు అయిపోయేదాంక తల లేని కెప్టెన్ నాలుగు పట్టీలు పెట్టుకొని సెల్యూట్ కొడుతనే ఉన్నడు, పక్కన బాబురావు దండం పెడుతనే ఉన్నడు. చూసినోడల్లా నవ్విండు. నేను గూడ నవ్విన, దాచుకోను.

బాబురావు నవ్వలే. చెల్లె ఇంటి నీళ్లు ముట్టనని ఒట్టు పెట్టుకున్నడు. బోనాలకు నా కోడలికి పుట్టింటి చీర రాలే. అది బిడ్డతోని మాట్లాడుడు బంద్ చేసింది. అన్నం గిన్నె దాని ముంగట పెడుతది, తిను అనదు.

సుజన ఢిల్లీ పోయింది. అదే మేడం ఉన్నదట. ఫ్లెక్సీ ముచ్చట అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పింది, కత్తెరతోని సహా. మేడం చాలాసేపు నవ్వి, ఇప్పుడు బాగున్నది అన్నదట. పిల్ల ముఖం వెలిగిపోతుండె వచ్చినప్పుడు. నేను మైసమ్మకు మొక్కుకున్న, ఎన్నడు మొక్కనిదాన్ని.

నెల తర్వాత ఫోన్ల రెండు లైన్లు వచ్చినయి. తీసుకుంటలేమని. ఎందుకో రాయలే. ఫోన్ చేస్తే, కారణాలు చెప్పం అన్నరు. వాళ్లను వీళ్లను అడిగితే, ఈసారి నిన్న మొన్న నేర్చుకొని వచ్చినోళ్లనే ఎక్కువ తీసుకున్నరని తెలిసింది. ఏడాది ఆగమన్నది వాళ్లే, ఏడాది పాతబడ్డదని పక్కకు పెట్టింది వాళ్లే. ఇగ ఆ కంపెనీ అయిపోయినట్టే.

ఆ పొద్దు వంటింట్ల నలుగురం ఉన్నం. ఎల్లేష్ గోడకు ఆనుకొని కూసున్నడు. నా కోడలు ఇన్ని రోజులకు బిడ్డ దిక్కు చూసి నోరు తెరిచింది.

"పోయి మీ మామ కాళ్లు మొక్కు. ఆయన మనసు నొప్పిచ్చినవు, అందుకే రాలే. ఆయన ఎవలికన్న చెప్పి ఇంకో కంపెనీల పెట్టిపిస్తడు."

ఎల్లేష్ గూడ, "పోయిరా బిడ్డా, ఒక్క మాట గదా," అన్నడు.

సుజన తల వంచలే. "మీరిద్దరు తప్పు చెప్తున్నరు నాయినా," అన్నది మెల్లగ. "మామ చెప్తే విమానం ఎక్కనియ్యరు. అట్ల ఎక్కనిచ్చేటోళ్లుంటే ఆ విమానం నేను ఎక్క."

తల్లి గంటె సింకుల పారేసి బయటికి పోయింది. అన్నం మాడు వాసన వస్తుంటే నేను లేచి పొయ్యి బంద్ చేసిన. పిల్లకు నోరొచ్చింది. ఆ నోరు కావాలన్న కంపెనీ తీసుకోలే, ఆ మాటలు పడేటోళ్లు మేమే.

తల్లి ఆ పొద్దునుంచి మళ్ల మాట్లాడుతలేదు. బాబురావు మా గల్లీ తప్పిచ్చి అటునుంచి పోతున్నడు. లైసెన్సు తారీఖు మళ్ల దగ్గరపడ్డది. సుజన ఇంకో చిన్న కంపెనీకి దరఖాస్తు పెట్టింది, పరీక్షకు బెంగుళూరు పోవాలె, డ్యూటీల సెలవు దొరుకుతదో లేదో. వైకుంఠం నిన్న, "ఏమైందమ్మా మీ పిల్లది?" అని అడిగిండు, ఎగతాళి లేకుండనే.

"రాలే," అన్న. "మళ్ల పెట్టింది. చక్కెర కిలో ఇయ్యి."