మేక నోరు పెట్టని వంక

కాలిన అడవి తిరిగి లేస్తే మనవాళ్లకు ఎక్కడలేని భక్తి పుట్టుకొస్తుంది. ప్రకృతి తల్లి అంటారు, ఆమె ఓర్పు అంటారు. లింగప్పకు మాత్రం ఆ పచ్చదనం చూస్తే భయం.

హార్స్‌లీ హిల్స్ కింద మేకలు కాచుకునే మనిషి. ఎండల్లో కొండకు అగ్గి పెడితే తొలకరికి లేత గడ్డి వస్తుందని వాళ్ల నాయన నేర్పాడు. నాలుగేళ్ల కిందట అలాగే, కొండ మీది వాననీళ్లు దిగే వంకలో అగ్గిపుల్ల గీశాడు. కట్టెలకొచ్చిన మల్లప్ప ఆ వంకలోనే ఉన్నాడని తెలియదు. దగ్గు వినబడేసరికి మంట అటూ ఇటూ కమ్ముకుంది. శవాన్ని ఒక్కడే మోసుకొచ్చి, పైన రోడ్డు పక్కన దొరికిందన్నాడు. టూరిస్టులెవరో సిగరెట్టు పారేసి ఉంటారన్నాడు. ఊరు నమ్మింది. మల్లప్ప భార్య గౌరమ్మ ఏటా ఆ రోడ్డు పక్కనే పాలు పోసి వస్తోంది.

తొలి వానకే మోళ్ల మొదళ్ల నుంచి చిగుళ్లు తన్నుకొచ్చాయి. ఆ ఆకు తన మేకల కడుపులోకి పోవడం, వాటి పాలు తాను తాగడం లింగప్ప ఊహించుకోలేకపోయాడు. వాటిని వంకలోకి దిగనివ్వలేదు. ఆ పక్క మేపుకునేది అతనొక్కడే గనక ఎవరూ అడగలేదు. గాలి అటు నుంచి వీస్తే ఇప్పటికీ దగ్గు వినిపిస్తుంది.

ఈ ఏడు తన వైపు మేత చాలక గౌరమ్మ మేకల్ని తోలుకొని అటొచ్చింది. కొండంతా మేకలు కొరికి కొరికి పొట్టిబారిన పొదలు. వంకలో మాత్రం సుండ్ర, రేగు చెట్లు రొమ్మెత్తున.

"నీ మేకలకు షుగరొచ్చిందా లింగప్పన్నా? ఇంత ఆకు పెట్టుకొని యాల మూతి పెట్టకుండా ఉండాయి?"

"పాములుండాయమ్మా."

"పాములు ఈడొక్క సోటే కాపరం పెట్టినాయా?"

లింగప్ప తన మేకల్ని వంక అంచు నుంచి పక్కకు అదిలించాడు. ఆమె ఒక కొమ్మ వంచి, మొదలు దాకా చూసింది. నల్లటి మోడు, దాని చుట్టూ ఒక్క గాటు లేని నాలుగేళ్ల పెరుగుదల. మేకలు కాచే మనిషికి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

"అగ్గి పడిన కాడి నుంచీ దీన్ని కాస్తాండావు," అంది గొంతు పెంచకుండా. "ఆయన రోడ్డు కాడ దొరికినాడని జెప్పిందీ నువ్వే. అయితే ఇన్నేండ్లు నేను పాలు యాడ పోసినట్టన్నా?"

గౌరమ్మ తన మేకల్ని వంకలోకి తోలింది.

"తిననీ. నేల కనబడాల."

ఆకులు పటపట తెగుతున్నాయి. కొమ్మలు తోసుకుంటూ దిగి, ఆమె ఒకచోట ఆగి వెనక్కి చూసింది.

"ఆడ కాదమ్మా," అన్నాడు లింగప్ప. "ఇంకొంచెం కిందికి."